మగ్గం గుంటకి అనుమతి

ఆషాఢం, మంగళవారం

మట్టం: తూర్పుకి ఒకటిన్నర వేళ్ల వంపు. గాలి తక్కువ. లంగరు తాళ్లు బాగున్నాయి.

ఆఫీసుకి పంపేది ఆ మూడు ముక్కలే. మిగతాది నా కోసం రాసుకుంటున్నాను. సముద్రం మీద తేలే మా నీటిపేటలో తెప్పకొక మట్టం మనిషి ఉంటుంది. పద్నాలుగో తెప్పకి నేను, చౌడేశ్వరిని. పొద్దున్నే లేచి, ఎనిమిది ఇళ్ల మధ్య వాకిట్లో ఉన్న గాజు గొట్టంలో బుడగ ఎటు జరిగిందో చూసి కబురు చెప్పడం నా పని. ఎనిమిది ఇళ్లనీ మోసే బోలు పెట్టె ఒకటే కాబట్టి, ఒకరింట్లో బరువు పెరిగితే ఇంకొకరింట్లో గిన్నెలు జారతాయి.

ఈ వంపు ఇప్పటిది కాదు. రెండేళ్లుగా కొద్దికొద్దిగా పెరుగుతోంది. అడుగున గుల్లలు పట్టాయేమోనని మునకగాళ్లని పిలిపించి గీకించాం. అయినా తగ్గలేదు.

నేను రాయాలనుకున్నది మాత్రం వేరే. ఇవాళ మధ్యాహ్నం మా ఆయన సోమలింగం నిద్రపోతుంటే చూశాను. ఆయన కాళ్లు కదులుతున్నాయి. కుడికాలు కిందికి, ఎడమకాలు కిందికి, ఒక వరసలో. కలేదో వచ్చిందనుకున్నాను. తర్వాత తెలిసింది. మగ్గం తొక్కుతున్నారు.

తీరంలో మా ఊరు ఉన్నప్పుడు ఆయన గుంట మగ్గం మీద చీరలు నేసేవారు. ఊరు నీళ్లలోకి పోయాక ఇక్కడికి వచ్చి తెరచాపల షెడ్డులో చిరుగులు కుట్టే పనిలో చేరారు. ఉగాది నుంచి ఆ చిరుగులు యంత్రాలే కుడుతున్నాయి. అప్పటి నుంచి ఆయన ఇంట్లో ఉంటారు, ఉన్నట్టు ఉండరు. అన్నం పెడితే తింటారు, పిలిస్తే పలుకుతారు. మగ్గం చెక్కలు మా ఇంటి కప్పుకి కట్టేసి ఉన్నాయి, ఆయన వాటి వైపు తలెత్తరు.

గుంట మగ్గానికి నేలలో గుంట కావాలి. నేసేవాడు గుంటలో కాళ్లు పెట్టుకుని, నేల అంచున కూర్చుంటాడు. ఇక్కడ నేలంటే మా అందరి బోలు పెట్టె మూత. దాన్ని కోయాలంటే అనుమతి కావాలి. రేపు వెళ్లి అడుగుతాను.

ఆషాఢం, గురువారం

మట్టం నిన్నటిలాగే.

పడవల రేవు దగ్గర అనుమతుల గది ఉంది, నిన్న వెళ్లాను. అందులో మనుషులు ఉండరు, యంత్రం గొంతు ఉంటుంది. తియ్యటి గొంతే గానీ ఎంతకీ వదలదు. ఏం కడతారు, ఎంత బరువు, ఏ వైపు అని అడిగింది. నేను చెప్పాను. ఆ బరువు ఎవరి మీద పడుతుంది అని అడిగింది. మా ఇల్లు, మా నేల, ఎవరి మీద పడుతుంది అన్నాను. అది ఒక్క క్షణం ఆగి, మళ్లీ అదే ప్రశ్న అదే తియ్యదనంతో అడిగింది.

చివరికి ఏం కావాలో తెలుసుకున్నాను. గుంట కొలతలతో బొమ్మ. తెప్ప మీద ప్రతి ఇంటి సంతకం. పని మొదలయ్యే ముందు ఒకసారి, మూత కోశాక అతుకులు వేసి కప్పెట్టే ముందు ఒకసారి, అంతా అయ్యాక ఒకసారి ఇన్‌స్పెక్టరు వచ్చి చూడటం. అందరూ చివరి తనిఖీ ఒక్కటే గుర్తుపెట్టుకుని మధ్యది మర్చిపోతారట. కప్పేసిన అతుకుని చూడటానికి మళ్లీ కోయాల్సి వస్తుందట. తుపాన్ల కాలం మొదలైతే ఏ మూతా కోయనివ్వరు. అంటే ఆశ్వయుజం వచ్చేలోగా ఆ కోత పని అయిపోవాలి.

ముందు బొమ్మ పంపితే చాలట, సంతకాలు తర్వాతట. బొమ్మ నేనే గీసి పంపాను. మా ఆయనకి చెప్పలేదు. అనుమతి రాకపోతే ఆశపెట్టి చంపినట్టవుతుంది.

ఆషాఢం, ఆదివారం

దరఖాస్తు తిరిగొచ్చింది. కారణం నేను రోజూ పంపే కబురే. ఈ తెప్ప ఇప్పటికే తూర్పుకి వంగి ఉంది, వంపు ఎందుకో తేలేదాకా కొత్త పని ఏదీ ఒప్పుకోం అన్నారు. మగ్గం బరువు పడమర వైపు కదా, వంపు తగ్గుతుంది కదా అని గొంతుతో వాదించాను. తెలియని బరువు మీద తెలిసిన బరువు పెట్టలేం అంది.

కోపంతో ఇంటికి వచ్చాను. పడవలో కూర్చుంటే కోపం కాస్త దిగింది. ఆ మాటలో తప్పేమీ దొరకలేదు.

శ్రావణం, శుక్రవారం

ఇవాళ వాన పడింది. రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి రాస్తున్నాను.

వాన వెలిశాక తూర్పు వరసకి వెళ్లాను, ఇస్రాయేలు మాస్టారు ఇంట్లో మట్టం మనిషిగా ఒకసారి చూద్దామని. ఆయన ఒంటరిగా ఉంటారు. ఇంకో పది అడుగుల్లో గుమ్మం ఉందనగా ఆగిపోయాను. తడిసిన మట్టి వాసన. నీటిపేటకి వచ్చాక ఆ వాసన నేను ఎరగను. ఇక్కడ వానకి ఉప్పు వాసన, ప్లాస్టిక్ వాసన తప్ప ఏమీ ఉండవు. కళ్లు మూసుకుంటే మా పాత ఇంటి పెరట్లో ఉన్నట్టే ఉంది.

మాస్టారు నన్ను చూసి తలుపు వేసుకోబోయి మానేశారు. వెనక వరండా పలకలు రెండు ఎత్తి ఉన్నాయి. వాటి కింద గోతి నిండా మట్టి, దాంట్లో చామంతి మొక్కలు.

"సంతోషమ్మ మట్టి," అన్నారు.

సంతోషమ్మ ఆయన భార్య. ఇద్దరూ ఒకే బడిలో పాఠాలు చెప్పేవారు. ఆవిడ పోయినప్పుడు తీరంలో సమాధి చేశారు. సముద్రం ఏటా ఆ సమాధుల తోటని కొరుక్కుంటూ వచ్చింది. ఆవిడ సమాధి దాకా నీళ్లు వచ్చే నెల తెలిసి, మాస్టారు ఆ మట్టిని సంచుల్లో ఇంటికి తెచ్చుకోవడం మొదలుపెట్టారు. పడవ మీద, వారానికొక సంచి. ఇప్పుడు అక్కడ సముద్రమే ఉంది.

నేను గుమ్మంలోనే కూర్చుండిపోయాను. ఆయన మంచినీళ్లు ఇచ్చారు. దరఖాస్తు సంగతి చెప్పాను, మా ఆయన కాళ్ల సంగతి కూడా. దాచడానికి మనసొప్పలేదు. ఆయన విని, నేను అడగకముందే, ఇన్‌స్పెక్టరుని పిలిపించమన్నారు, తనే చెప్తానన్నారు.

శ్రావణం, మంగళవారం

ఇన్‌స్పెక్టరు వచ్చింది. జుబేదా అని, నలభై దాటిన మనిషి. చెప్పులు విప్పి, ఉత్త కాళ్లతో తెప్పంతా నడిచి చూసింది. ఒరుగు కాళ్లకే ముందు తెలుస్తుందట. మాస్టారు వరండా పలకలు తనే ఎత్తి చూపించారు. ఆమె మట్టి అంచున గొంతుక్కూర్చుని వేలు దింపి లోతు చూసింది.

లేచాక మెల్లిగానే చెప్పింది. రెండే దారులు. మట్టి నీళ్లలో కలిపెయ్యడం ఒకటి. లేకపోతే అందరికీ తెలిపి, ఎనిమిది ఇళ్ల సంతకాలతో మట్టిని లెక్కలోకి ఎక్కించి, తెప్పని మళ్లీ మట్టంగా నిలబెట్టడం. రెండూ కాకపోతే మాస్టారుని ఈ తెప్ప మీద నుంచి తీసి, ఒంటరి మనుషుల పొడుగు షెడ్డుకి మార్చాల్సి వస్తుంది. ఆశ్వయుజం మొదటి రోజు దాకా గడువు.

"ఇంత కఠినం ఎందుకంటే," అంది, "నేను చిన్నప్పుడు ఉన్న తెప్ప మీద ఒకాయన ఎవరికీ చెప్పకుండా నీళ్ల తొట్టి కట్టించుకున్నాడు. తుపాను వచ్చిన రోజు దాని లెక్క ఎవరికీ తెలియదు. మా ఇల్లు ఆ మూలనే ఉండేది." చెప్పులు వేసుకుంది.

వెళ్తూ ఆమె యథాలాపంగా ఇంకో మాట అంది. నిరుడు ఈ తెప్ప మీదే మేడగది దరఖాస్తు ఒకటి ఈ వంపు వల్లే తిరిగిపోయింది కదా అని. ఆ దరఖాస్తు పెట్టినవాడు మా వెనకే నిలబడి ఉన్నాడు.

తాతబ్బాయి మాస్టారు పక్కింటివాడు, వలలు అల్లుతాడు. కోడలు నెల తప్పిందని మేడ మీద చిన్న గది వేసుకోవడానికి అడిగితే కాదన్నారు. వాళ్లు మారు మాట్లాడకుండా వంటింట్లోనే ఆ పిల్లకి మంచం వేశారు. పసిబిడ్డతో ఇప్పటికీ అక్కడే పడుకుంటోంది. తాతబ్బాయి మాస్టారు వైపు చూసి, ఇంట్లోకి వెళ్లి తలుపేసుకున్నాడు. అరిచి ఉంటే నయం అనిపించింది.

శ్రావణం, శనివారం

సంతకాల కోసం తిరిగాను. మూడిళ్లవాళ్లు వెంటనే పెట్టారు. ఇంకో రెండిళ్లవాళ్లు శ్మశానం మట్టి తెప్ప మీద ఉంటే అరిష్టమని నసిగారు. వాళ్లతో కూర్చుని, మీ అమ్మ మట్టే అయితే పారబోసేవాళ్లా అని అడగలేదు, అడగాలని నోటిదాకా వచ్చింది. చామంతులు చూసి రమ్మని పంపాను. ఒకావిడ రెండు పూలు తెంపుకొచ్చి సంతకం పెట్టింది. రెండో ఇంటాయన నిమ్మకాయ ఒకటి వరండాకి కట్టమన్నాడు. మాస్టారు కట్టుకోమన్నారు, ఆయన చర్చికి అభ్యంతరం లేకపోతే చాలన్నారు.

తాతబ్బాయి మాత్రం గుమ్మం దగ్గరే నిలబెట్టి మాట్లాడాడు.

"మేం అడిగాం. వద్దన్నారు. ఊరుకున్నాం. మాస్టారు అడగలేదు, దాచుకున్నారు. ఇప్పుడు అడగని ఆరికి నేను సంతకం ఎట్టాలి. ఎందుకెట్టాలో సెప్పండి, ఎడతాను."

అతను అన్నదాంట్లో న్యాయం ఉంది. లోపల బిడ్డ ఏడుస్తుంటే ఆ పిల్ల పొయ్యి పక్కన కూర్చుని జోకొడుతోంది.

సంతకాలన్నీ వచ్చినా ఇంకో చిక్కు ఉంది. తెప్పని మట్టంగా నిలపాలంటే పడమర వైపు అంత బరువు పెట్టాలి. రాళ్లు కొందామంటే నీటిపేటలో రాయి దొరకదు.

భాద్రపదం, బుధవారం

మా ఆయనకి అంతా చెప్పేశాను. మగ్గం దరఖాస్తు, మాస్టారు మట్టి, తాతబ్బాయి సంగతి. దాచి ఉంచే ఓపిక అయిపోయింది.

ఆయన విన్నారు. కండువా వేసుకుని బయటికి నడిచారు. ఎన్నాళ్ల తర్వాతో పిలవకుండా లేచిన మనిషిని చూసి నేనూ వెనకే వెళ్లాను. మాస్టారు వరండాలో ఎత్తి ఉన్న పలకల పక్కన కూర్చుని, మట్టి గుప్పిట్లోకి తీసుకుని నలిపి చూశారు. మాస్టారు ఆపలేదు.

"నల్లమట్టి," అన్నారు మా ఆయన. "మా ఊళ్లో మగ్గం గుంట ఇలాటి మట్టిలోనే ఉండేదండి. తేమ పట్టి ఉంచుద్ది. పడుగు దారం తెగదు. ఇక్కడ గుంట తవ్వితే అడుగున ప్లాస్టికే కదా, ఈ ఉప్పుగాలికి దారం పుటుక్కుమంటదని నేనసలు ఆ ఊసే ఎత్తలేదు."

నేను గోడకి ఆనుకున్నాను. ఇన్నాళ్లూ ఆయన కప్పు వైపు చూడంది ఆశ లేక అనుకున్నాను. ఆలోచించి ఆలోచించి, కాదని తేల్చుకుని చూడటం మానేశారు.

ఆయన ఇంకాసేపు మట్టినే చూస్తూ కూర్చుని, మాస్టారు వైపు తిరగకుండానే అడిగారు.

"మాస్టారండీ, ఇందులో సగం నాకిస్తారా? గుంటలో పరుచుకుంటాను. మా ఇల్లు పడమరే కదా. ఇవ్వలేనంటే ఏమీ అనుకోను. అడక్కూడని మాటే అడిగాను."

మాస్టారు చామంతి మొక్క ఒకదాని ఎండుటాకులు తుంచారు. ఆ తర్వాత, సంతోషమ్మకి నేత చీరలంటే ప్రాణమని, బడికి వేరే చీర కట్టి ఎరగదని చెప్పారు. అంతే. అది ఒప్పుకోవడమో కాదో మాకు తెలియలేదు. లేచి వచ్చేస్తుంటే వెనక నుంచి అన్నారు.

"సగం అంటే సగమేనండీ. ఎక్కువ తీసుకోకండి."

భాద్రపదం, శుక్రవారం

ఇవాళ మాస్టారే తాతబ్బాయి ఇంటికి వెళ్లారు. నన్ను తోడు రమ్మన్నారు. తాతబ్బాయి వల అల్లుతూ తల ఎత్తలేదు.

మాస్టారు నిలబడే మాట్లాడారు. తను దాచినందువల్లే ఆ గది పోయిందని తనకి తెలియదని, తెలియకపోయినా తప్పు తనదేనని అన్నారు. తెప్ప మీద ప్రతివాళ్లనీ అడగాల్సిన మాట అడగకుండా ఊరుకున్నానన్నారు. అడిగితే వద్దంటారేమోనని భయమట. ఆ తర్వాత ఆయన అన్నది నేను ఊహించలేదు. పొడుగు షెడ్డుకి తనే వెళ్లిపోతానన్నారు. సగం మట్టి మా గుంటకి పోతుంది, మిగతా సగం తను సంచుల్లో పట్టుకెళ్తారు, తెప్ప తేలికవుతుంది, తాతబ్బాయి గది వేసుకోవచ్చు.

తాతబ్బాయి అల్లే చెయ్యి ఆగింది. కోడలు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మీరెళ్లిపోతే మీ ఇల్లు ఖాళీ అవుద్ది," అన్నాడు తాతబ్బాయి, వలకేసి చూస్తూనే. "మీ సామానూ మీ మట్టీ పోయాక తూరుపు తేలిపోద్ది. అప్పుడు ఈ తెప్ప పడమరకి ఒరుగుద్ది. మళ్లీ ఆ ఇన్‌స్పెక్టరమ్మా, మళ్లీ సంతకాలూ. ఆ గోలంతా నేను పడలేనండి. ఇంట్లో ఉండండి."

చేతులు తుడుచుకుని సంతకం పెట్టాడు. పెట్టాక కాగితం నాకివ్వకుండా, మేడగది దరఖాస్తు కూడా దీంతో పాటే పంపొచ్చేమో గొంతుని అడగమన్నాడు. మాస్టారు నడుస్తుంటే కోడలు వెనకాలే వచ్చి, సాయంత్రం పులుసు పంపిస్తానంది.

భాద్రపదం, చివరి సోమవారం

అందరి సంతకాలతో మగ్గం గుంటకి అనుమతి వచ్చింది. మొదటి తనిఖీ అయింది, మూత కోశాం. కోసిన రోజు ఎనిమిది ఇళ్లవాళ్లూ వచ్చి గుంటలోకి తొంగి చూశారు. మనందరినీ మోసేది ఇదా అన్నట్టు ఒకరినొకరు చూసుకున్నారు. అడుగున చీకటి, తడి చప్పుడు.

ఇవాళ జుబేదా రెండో తనిఖీకి వచ్చింది. గుంటలోకి తనే దిగి, అతుకుల మీద అరచెయ్యి ఆనించి ఒక్కొక్కటీ తడిమింది. ఒకచోట అతుకు జిగురు మళ్లీ పోయించమంది. మా ఆయన విసుక్కోకుండా పోశారు. ఆమె కూడా వెళ్లకుండా అది ఆరేదాకా కూర్చుని, మా ఇంట్లో మజ్జిగ తాగింది.

మధ్యాహ్నం మట్టి మోత మొదలైంది. బకెట్లు చేతులు మారుతూ తూర్పు నుంచి పడమరకి వచ్చాయి. మాస్టారు ఒక్కొక్క బకెట్టూ తనే నింపారు, ఎవరినీ పార ముట్టుకోనివ్వలేదు. తాతబ్బాయి వాకిట్లో గొట్టం దగ్గర నిలబడి ఇంకా, ఇంకా అని చెప్తూ వచ్చాడు. ఒక బకెట్టు దగ్గర చాలన్నాడు. నేను వెళ్లి చూశాను. చాలు.

మేడగది అనుమతి కూడా వచ్చింది, పని మాత్రం తుపాన్లయ్యాకే అన్నారు. అందాకా కోడలికీ బిడ్డకీ మాస్టారు తన ముందుగది ఇచ్చారు. తనకి వరండా చాలట.

ఆశ్వయుజం, గురువారం

మట్టం సమం. ఆకాశం మబ్బుగా ఉంది. తాళ్లు బిగించాం.

మూడో తనిఖీ పది రోజుల కిందటే పూర్తయింది. మగ్గం నిలబెట్టారు. పడుగు వెయ్యడానికే మా ఆయనకి వారం పట్టింది. ఒకప్పుడు చకచకా సాగే ఆయన చేతులు ఇప్పుడు నెమ్మదిగా ఉన్నాయి, పోగు పోగునీ తడుముకుంటూ. ఒక పోగూ తెగలేదు. ఇవాళ పొద్దున్న మొదటి బెత్తెడు గుడ్డ దిగింది. నీలం మీద తెల్లటి చుక్క. నన్ను పిలిచి చూపించి, అంచు వంకర పోయిందంటూ తనే తిట్టుకున్నారు. నాకు ఆ వంకర ఎక్కడుందో కనపడలేదు.

మాస్టారు సాయంత్రం వచ్చారు. మగ్గం చుట్టూ తిరిగి, పడుగు మధ్య అడ్డ దారం విసిరే నాడె చేతిలోకి తీసుకుని బరువు చూసి, మళ్లీ పెట్టేశారు. వెళ్తారేమో అనుకుంటే గుంట దగ్గర ఆగారు.

"ఒక్కసారి కాళ్లు పెట్టనా?"

మా ఆయన పక్కకి జరిగి చోటిచ్చారు. మాస్టారు పంచె మోకాళ్ల దాకా లాక్కుని, నేల అంచున కూర్చుని, కాళ్లు గుంటలోకి దింపారు. మట్టి తగలగానే వేళ్లు ముడుచుకున్నాయి, తర్వాత మెల్లిగా విచ్చుకున్నాయి. చాలాసేపు అలాగే కూర్చున్నారు. నేను దీపం వెయ్యడానికి లేవబోయి మానేశాను.

"చల్లగా ఉంది," అన్నారు.

మా ఆయన వంగి ఆయన కుడిపాదాన్ని పట్టుకుని తొక్కుడు చెక్క మీద పెట్టారు. నొక్కమన్నారు. మాస్టారు నొక్కారు, పడుగు దారాలు విడిపోయి నాడెకి దారి ఇచ్చాయి. మా ఆయన నాడె విసిరారు. ఇప్పుడు ఎడమది అన్నారు. మాస్టారు తడబడ్డారు, రెండు కాళ్లూ ఒకేసారి నొక్కేశారు. ఇద్దరూ నవ్వారు. మళ్లీ మొదలుపెట్టారు.